ఫ్రేజల్ వెర్బ్‌లు చదివితే అర్థమవుతున్నాయి, మాట్లాడేటప్పుడు నోటికి రావడం లేదు: సాధన ఎలా చేయాలి?

నిత్యపాఠకుడు అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. ఇంగ్లిష్ వార్తలు, వ్యాసాలు నేను పెద్దగా తడుముకోకుండానే చదవగలను. ఉద్యోగరీత్యా ఆ భాషలో ఉత్తరాలు కూడా రాస్తుంటాను. అయితే ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవారితో సమావేశాల్లో కూర్చున్నప్పుడు మాత్రం ఒక ఇబ్బంది ఎదురవుతోంది. వారు వాడే మాటలన్నీ చిన్నవే: గెట్, పుట్, టేక్, కమ్, లుక్ వంటి క్రియలు, వాటి పక్కన అప్, ఆఫ్, అవుట్, ఆన్ వంటి పదాలు. ఈ జోడింపులనే ఫ్రేజల్ వెర్బ్‌లు అంటారు. విడివిడిగా చూస్తే ఇవన్నీ మనం చిన్న తరగతుల్లోనే నేర్చుకున్నవి, కానీ రెండూ కలిసేసరికి అర్థం చేజారిపోతోంది.

'పుట్ ఆఫ్' అంటే వాయిదా వేయడం, 'పుట్ అవుట్' అంటే ఆర్పడం, 'పుట్ అప్ విత్' అంటే సహించడం అని చదివి గుర్తుపెట్టుకున్నాను. ఒకే క్రియతో ఏర్పడేవన్నీ ఒకచోట చేర్చిన పట్టిక ఒకటి దగ్గర పెట్టుకొని వరుసగా బట్టీ పడుతున్నాను. 'టేక్' దగ్గరికి వచ్చేసరికి టేక్ ఆఫ్, టేక్ ఇన్, టేక్ ఆన్, టేక్ ఓవర్, టేక్ అప్ అన్నీ కలగాపులగమై, ఏది దేనికి అన్నది తెలియకుండా పోతోంది. ఇక మాట్లాడవలసి వచ్చినప్పుడు పోస్ట్‌పోన్, టాలరేట్, ఇన్వెస్టిగేట్ వంటి పెద్ద మాటలే నోటికి వస్తున్నాయి. అవి తప్పు కావు కానీ, నా మాట పుస్తకం చదివినట్టు ఉంటోందని నాకే అనిపిస్తోంది.

ఈ చిన్న పదాల చేరికలో ఏదైనా తర్కం ఉందా, లేక ప్రతిదాన్నీ విడిగా గుర్తుపెట్టుకోవలసిందేనా? వేల సంఖ్యలో ఉన్న వీటిలో ముందుగా ఏవి నేర్చుకోవాలి? నేర్చుకున్నవి మాటల్లోకి రావాలంటే సాధన ఏ విధంగా ఉండాలి? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

భాషాబోధకుడు సమాధానం

నిత్యపాఠకుడు గారికి నమస్కారం. మీరు చెప్పిన ఇబ్బంది చాలా పాతది. 1755లో వెలువడిన తన నిఘంటువు ముందుమాటలో శామ్యూల్ జాన్సన్ ఈ విషయాన్నే ప్రస్తావించారు. క్రియ వెనుక ఒక చిన్న పదం చేరి అర్థాన్ని మార్చివేసే పద్ధతి బహుశా ఏ భాషలోనూ లేనంతగా ఇంగ్లిష్‌లో ఉందని, పరాయి భాషల వారికి అన్నిటికన్నా ఎక్కువ కష్టం దీని వల్లనే కలుగుతుందని ఆయన రాశారు.

తెలుగు చదువుకున్నవారికి మాత్రం ఇది పూర్తిగా కొత్త సంగతి కాదు. ఉపసర్గ (మాట ముందు చేరే ప్ర, ఆ, సం వంటి చిన్న భాగం) ధాతువు (క్రియ మూలరూపం) అర్థాన్ని బలవంతంగా వేరే చోటికి లాక్కుపోతుందని చెప్పే సంస్కృత శ్లోకం ఒకటి ఉంది. దానికి ఉదాహరణలుగా ప్రహారం, ఆహారం, సంహారం, విహారం, పరిహారం అన్న మాటలను చెబుతారు. అన్నిటిలోనూ ఉన్నది ఒకే ధాతువు, అర్థాలు మాత్రం కొట్టడం నుంచి తినడం దాకా విస్తరించి ఉన్నాయి. వీటిని మనం పట్టిక వేసుకొని నేర్చుకోలేదు; 'ఆహారం' ఒక సందర్భంలో, 'విహారం' మరో సందర్భంలో విన్నాము కనుక ఏనాడూ ఒకదాన్ని మరొకటిగా పొరబడలేదు. ఐదింటినీ ఒకే రోజు, ఒకే కాగితం మీద, సందర్భం లేకుండా నేర్చుకొని ఉంటే మనకూ అవి కలిసిపోయేవే. మీ పట్టికలో 'టేక్' దగ్గర జరుగుతున్నది అదే. అందువల్ల క్రియను బట్టి గుంపుగా నేర్చుకునే పద్ధతిని వెంటనే మానేయమని నా మొదటి సలహా. టేక్ ఆఫ్‌ను విమానం గురించిన వాక్యంలోనూ, టేక్ ఓవర్‌ను ఒకరి బాధ్యత మరొకరు స్వీకరించే సందర్భంలోనూ, వేర్వేరు రోజుల్లో నేర్చుకోండి.

తర్కం ఉందా అని అడిగారు. కొంత ఉంది, అది ఎక్కువగా ఆ చిన్న పదంలోనే ఉంది. 'అప్' చాలా చోట్ల పని పూర్తయిపోవడాన్ని సూచిస్తుంది: ఈట్ అప్, యూజ్ అప్, డ్రింక్ అప్. మనం 'తిను' అనడానికీ 'తినేయి' అనడానికీ ఉన్న తేడా ఇంచుమించు ఇదే. 'ఆన్' పని కొనసాగడాన్ని చెబుతుంది: గో ఆన్, క్యారీ ఆన్, కీప్ ఆన్. 'డౌన్' తగ్గుదలను చెబుతుంది: స్లో డౌన్, కామ్ డౌన్, కట్ డౌన్. 'ఓవర్' ఒక విషయాన్ని ఈ చివర నుంచి ఆ చివర దాకా పరిశీలించడాన్ని చెబుతుంది: గో ఓవర్, థింక్ ఓవర్. 'అవుట్' దాగి ఉన్నది బయటపడటాన్ని చెబుతుంది: ఫైండ్ అవుట్, పాయింట్ అవుట్. కొత్త ప్రయోగం ఎదురైనప్పుడు ముందుగా ఈ చిన్న పదం ఏ దిక్కు చూపుతోందో గమనించండి.

అర్థం కన్నా ముఖ్యమైనది, పట్టికలు దాదాపుగా చెప్పనిది మరొకటి ఉంది. అది కర్మ ఎక్కడ నిలబడాలన్న విషయం. 'టర్న్ ఆఫ్ ద ఫ్యాన్' అనవచ్చు, 'టర్న్ ద ఫ్యాన్ ఆఫ్' అని కూడా అనవచ్చు. కానీ ఫ్యాన్ స్థానంలో సర్వనామం వస్తే అది మధ్యలోనే ఉండాలి. 'టర్న్ ఇట్ ఆఫ్' మాత్రమే సరైనది, 'టర్న్ ఆఫ్ ఇట్' అన్నది తప్పు. మరికొన్ని క్రియలు విడదీయడానికి లొంగవు. 'లుక్ ఆఫ్టర్' అంటే చూసుకోవడం. 'లుక్ ఆఫ్టర్ ద చిల్డ్రన్', 'లుక్ ఆఫ్టర్ దెమ్' అనాలే తప్ప, దెమ్‌ను మధ్యకు తేకూడదు. ఇక 'పుట్ అప్ విత్' వంటి మూడు పదాల ప్రయోగాల్లో కర్మ ఎప్పుడూ చివరనే వస్తుంది. కొన్నిటికి అసలు కర్మే ఉండదు, 'ద కార్ బ్రోక్ డౌన్' అన్నట్టు. ఒకే ప్రయోగం రెండు విధాలుగా ఉండటమూ కద్దు: విమానం టేక్ ఆఫ్ అయినప్పుడు కర్మ లేదు, బూట్లు టేక్ ఆఫ్ చేసినప్పుడు ఉంది.

మాటల్లోకి రాకపోవడానికి అసలు కారణం ఇక్కడే ఉందని నా నమ్మకం. అర్థం తెలిసినా కర్మను ఎక్కడ ఉంచాలో తెలియనప్పుడు, వాక్యం నోటి దాకా వచ్చి ఆగిపోతుంది. ఆ తడబాటును తప్పించుకోవడానికి మనసు 'పోస్ట్‌పోన్' వైపు మళ్లుతుంది. కనుక మీ పుస్తకంలో 'పుట్ ఆఫ్ = వాయిదా వేయడం' అని రాయకండి. 'దే పుట్ ద మీటింగ్ ఆఫ్', దాని కింద 'దే పుట్ ఇట్ ఆఫ్' అని రెండు వాక్యాలు రాయండి. తెలుగు అర్థం అవసరమనిపిస్తే పక్క పేజీలో రాసుకోండి.

పదసంచయం సమాధానం

భాషాబోధకుడు గారు కర్మ స్థానం గురించి చెప్పిన దానితో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. అయితే చిన్న పదాల అర్థాల మీద మరీ ఎక్కువ భారం వేయకూడదని నా అభిప్రాయం. దరఖాస్తును పూరించడానికి 'ఫిల్ ఇన్' అంటారు, 'ఫిల్ అవుట్' అని కూడా అంటారు. ఇన్, అవుట్ ఎదురెదురు దిక్కులైనా పని ఒక్కటే. కాగితం 'బర్న్ అప్' అవుతుంది, ఇల్లు 'బర్న్ డౌన్' అవుతుంది, రెండూ కాలి నాశనం కావడమే. 'మేక్ అప్' అంటే లేనిది కల్పించి చెప్పడం, గొడవ పడినవారు రాజీపడటం, లోటును పూడ్చడం. ఈ మూడిటినీ 'అప్' అన్న ఒక్క పదం నుంచి ఎవరూ ఊహించి చెప్పలేరు. అర్థం తెలిసిన తరువాత దాన్ని మనసులో నిలుపుకోవడానికి చిన్న పదం తోడ్పడుతుంది. తెలియని అర్థాన్ని ముందుగా పసిగట్టడానికి దాన్ని నమ్ముకుంటే మాత్రం చాలాసార్లు దారి తప్పుతాము.

ముందుగా ఏవి నేర్చుకోవాలన్న ప్రశ్నకు మంచి ఆధారాలే ఉన్నాయి. డీ గార్డ్‌నర్, మార్క్ డేవిస్ అన్న పరిశోధకులు బ్రిటిష్ నేషనల్ కార్పస్ అన్న 10 కోట్ల పదాల వాడుక భాషా సంచయాన్ని పరిశీలించి 2007లో తమ ఫలితాలను ప్రచురించారు. కేవలం 20 క్రియలు 8 చిన్న పదాలతో కలిసి ఏర్పడే ప్రయోగాలే ఆ సంచయంలో కనిపించిన మొత్తం ఫ్రేజల్ వెర్బ్ వాడకంలో సగానికి పైగా ఉన్నాయని తేలింది. గో ఆన్, క్యారీ అవుట్, సెట్ అప్, పిక్ అప్, కమ్ బ్యాక్, పాయింట్ అవుట్, ఫైండ్ అవుట్ వంటివి ముందు వరుసలో నిలిచాయి. అంటే మీరు వేలకు భయపడవలసిన పని లేదు.

ఒక్కొక్కదానికీ ఉన్న అనేక అర్థాల మాటేమిటని మీరు అడగవచ్చు. మెలొడీ గార్నియె, నార్బర్ట్ ష్మిట్ 2015లో 150 ప్రయోగాలను తీసుకొని, వాటి అర్థాల్లో తరచుగా కనిపించే 288ని మాత్రమే ఏరి ఒక జాబితా తయారు చేశారు. నిఘంటువులో ఒక ప్రయోగం కింద పది అర్థాలున్నా, నిత్య వాడుకలో ఒకటో రెండో మాత్రమే బలంగా ఉంటాయన్నది దీని సారాంశం. మీరు కూడా ఒక ప్రయోగానికి ఒకటి లేదా రెండు అర్థాలతో తృప్తిపడి ముందుకు సాగండి. మిగిలిన అర్థాలు చదువులో ఎదురైనప్పుడు వాటి సంగతి చూసుకోవచ్చు.

నిత్యపాఠకుడు

ఇద్దరికీ కృతజ్ఞతలు. సర్వనామం మధ్యలో రావాలన్న నియమం ఇంతకు ముందు ఎవరూ ఇంత స్పష్టంగా చెప్పలేదు. ఒక సందేహం మిగిలింది. అధికారిక ఉత్తరాల్లో, నివేదికల్లో ఫ్రేజల్ వెర్బ్‌లు వాడకూడదని, అవి మాట్లాడే భాషకు మాత్రమే చెందినవని చదువుకునే రోజుల్లో చెప్పారు. ఇప్పుడు వీటిని అలవాటు చేసుకుంటే నా రాత పలుచబడుతుందేమోనన్న సంకోచం ఉంది. ఇది ఎంతవరకు నిజం?

లేఖాసంపాదకురాలు సమాధానం

నివేదికలు దిద్దడం నా పని కనుక ఈ ఒక్క విషయం మీద కొంచెం చెప్పగలను. ఆ నియమం సగమే నిజం. 1066లో నార్మన్‌లు ఇంగ్లండ్‌ను జయించిన తరువాత పాలనలోకి, న్యాయస్థానాల్లోకి ఫ్రెంచ్ మాటలు వచ్చాయి. చదువుల ద్వారా లాటిన్ మాటలు వచ్చాయి. అందువల్ల ఇంగ్లిష్‌లో ఒకే పనికి రెండేసి మాటలు నిలిచాయి. పుట్ ఆఫ్ పక్కన పోస్ట్‌పోన్, పుట్ అవుట్ పక్కన ఎక్స్‌టింగ్విష్, లుక్ ఇంటూ పక్కన ఇన్వెస్టిగేట్. రెండో వరుసలోని మాటలు బరువుగా వినిపించడానికి కారణం ఈ చరిత్రే. మనకు కూడా 'ఆపడం' అన్న మాట ఒక చోట, 'నిలుపుదల చేయడం' అన్న మాట మరో చోట తగినట్టు అనిపిస్తాయి కదా.

అయినా ఫ్రేజల్ వెర్బ్‌లన్నీ మాటలకే పరిమితం కావు. 'క్యారీ అవుట్', 'పాయింట్ అవుట్', 'సెట్ అవుట్' అన్నవి పరిశోధన పత్రాల్లోనూ అధికారిక నివేదికల్లోనూ నిస్సంకోచంగా వాడుతున్నారు. వాటిని బలవంతంగా లాటిన్ మాటలతో మార్చితే రాత బిగుసుకుపోతుంది తప్ప గౌరవం పెరగదు. 'మెస్ అప్' వంటివి మాత్రం స్నేహితుల మధ్య మాటలు, వాటిని నివేదికలోకి రానివ్వకండి. 'పుట్ ఆఫ్', 'లుక్ ఇంటూ' వంటివి మధ్యస్థంగా ఉంటాయి. సహోద్యోగికి రాసే ఉత్తరంలో అవే సహజం, ఒప్పంద పత్రంలో అయితే పోస్ట్‌పోన్, ఇన్వెస్టిగేట్ మేలు. ఏ ప్రయోగం ఎక్కడ చెల్లుతుందో నేర్చుకునే రోజే పక్కన రాసుకోవడం మంచిది.

ఉత్తరాల్లో తరచుగా దిద్దవలసి వచ్చే రెండు విషయాలు కూడా చెబుతాను. 'లుక్ ఫార్వర్డ్ టు' తరువాత చాలామంది 'మీట్ యూ' అని రాస్తారు. అక్కడి 'టు' విభక్తి వంటిది కనుక 'మీటింగ్ యూ' అని రాయాలి. రెండోది నామవాచకాల సంగతి. చెకప్, బ్యాకప్, లాగిన్, టేకాఫ్ వంటి మాటలు తెలుగులో కూడా స్థిరపడ్డాయి, అవన్నీ నామవాచకాలు. నామవాచకంగా వాడినప్పుడు వీటిని ఒకే పదంగా, లేదా చిన్న గీతతో కలిపి రాస్తారు. అదే క్రియగా వాడినప్పుడు రెండు పదాలుగా విడదీసి రాయాలి: 'బ్యాక్ అప్ ద ఫైల్స్', 'లాగ్ ఇన్ హియర్'. నామవాచకంలో ఊనిక, అంటే పలికేటప్పుడు వేసే బలం, మొదటి భాగం మీద పడుతుందన్నది కూడా గుర్తుంచుకోండి.

శ్రవణాభ్యాసి సమాధానం

సాధన గురించి అడిగిన మూడో ప్రశ్న ఇంకా మిగిలే ఉంది కనుక దాని గురించి రాస్తున్నాను. పెద్ద మాటల వైపు మళ్లడం మీ ఒక్కరి లక్షణం కాదు. డాగుట్, లాఫర్ అన్న పరిశోధకులు 1985లోనే దీన్ని హీబ్రూ మాట్లాడే విద్యార్థుల్లో గమనించారు. హీబ్రూలో ఇటువంటి నిర్మాణం లేదు కనుక ఆ విద్యార్థులు అవకాశం దొరికినప్పుడల్లా ఒంటి పదాన్నే ఎంచుకున్నారు. తప్పించుకోవడం అలవాటైనప్పుడు ఎంత చదివినా ఆ అలవాటు పోదు. తప్పించుకోవడానికి వీల్లేని సాధన కావాలి.

మాట కన్నా ముందు చెవిని సిద్ధం చేయండి. వేగంగా మాట్లాడేవారు 'పిక్ ఇట్ అప్' అని మూడు పదాలుగా పలకరు, 'పికిటప్' అని ఒకే మాటగా పలుకుతారు. 'టర్న్ ఇట్ ఆఫ్' చెవికి 'టర్నిటాఫ్' అని చేరుతుంది. హల్లుతో ముగిసిన పదం తరువాత అచ్చుతో మొదలయ్యే పదం వస్తే రెండూ అతుక్కుపోతాయి, మన సంధుల్లాగే. మీరు సమావేశాల్లో అర్థం కోల్పోవడానికి పదం తెలియకపోవడం కన్నా, తెలిసిన పదాన్ని ఈ రూపంలో గుర్తుపట్టలేకపోవడం ఎక్కువ కారణమై ఉండవచ్చు. 'పిక్ ఇట్ అప్'లో ఊనిక క్రియ మీదకన్నా 'అప్' మీద బలంగా ఉంటుంది. 'లుక్ ఎట్ ఇట్' వంటి చోట మాత్రం 'లుక్' మీద ఉంటుంది. రికార్డు చేసిన సంభాషణలోని ఒక చిన్న భాగాన్ని విని, విన్నది కాగితం మీద రాసి, తరువాత దాని రాతప్రతితో పోల్చి చూడండి. ఎక్కడ రెండు పదాలను ఒకటిగా విన్నారో అక్కడే మీకు పాఠం దొరుకుతుంది. ఆ వాక్యాన్నే వక్తతో పాటు అదే వేగంతో పైకి అనండి. మొదట నోరు తిరగదు, అయినా నెమ్మదించకండి. విడదీసి పలికే అలవాటే మీకు వినడంలో కూడా అడ్డు తగులుతున్నది.

మాట్లాడే సాధనకు నాకు తెలిసిన వాటిలో అన్నిటికన్నా ఫలితమిచ్చేది ప్రశ్నోత్తరాల పద్ధతి. ప్రశ్నలో నామవాచకం ఉంటుంది, జవాబులో సర్వనామం తప్పనిసరి. 'హ్యావ్ యూ ఫిల్డ్ ఇన్ ద ఫామ్?' అని అడిగితే, 'యెస్, ఐ ఫిల్డ్ ఇట్ ఇన్ దిస్ మార్నింగ్' అనాలి. 'డిడ్ దే కాల్ ఆఫ్ ద మ్యాచ్?' అంటే, 'యెస్, దే కాల్డ్ ఇట్ ఆఫ్' అనాలి. భాషాబోధకుడు గారు చెప్పిన నియమం ఈ విధంగా ఆలోచన అవసరం లేకుండా నోటికి పడుతుంది. తోడు ఎవరూ లేకపోతే ప్రశ్నలను మీరే రికార్డు చేసి, ఒక్కొక్క ప్రశ్న తరువాత జవాబుకు సరిపడా వ్యవధి వదిలిపెట్టండి. భూతకాలంలో కూడా చేయండి. గేవ్ అప్, టుక్ ఓవర్, ఫౌండ్ అవుట్ వంటి రూపాల దగ్గర చాలామంది తడబడతారు.

తరువాతి మెట్టు మీ సొంత విషయాలు. ఆ రోజు జరిగిన పనిని ఇంగ్లిష్‌లో పైకి చెప్పుకోండి, నేర్చుకున్న వాటిలో రెండు మూడు అందులో తప్పక రావాలని ముందే నిర్ణయించుకోండి. ఏది వాయిదా పడింది, ఏది అయిపోయింది, ఎవరు మీ పనిని చేపట్టారు, దేన్ని మళ్లీ సరిచూడవలసి ఉంది అన్నవి దాదాపు ప్రతి ఉద్యోగంలో రోజూ జరిగేవే. మీ జీవితంలో నిజంగా జరిగిన దాన్ని చెప్పిన వాక్యం, పుస్తకంలోని వాక్యం కన్నా గట్టిగా నిలుస్తుంది. పాతవాటిని మళ్లీ చూసేటప్పుడు జవాబు మూసిపెట్టి, వాక్యంలో ఆ చోటును ఖాళీగా ఉంచి, మనసులోంచి తీయడానికి ప్రయత్నించండి. మొదట మరునాడు, తరువాత కొన్ని రోజులకు, ఆ తరువాత కొన్ని వారాలకు ఈ పరీక్ష పెట్టుకుంటే చాలు. ఊరికే తిరగేసి చదవడం వల్ల వచ్చిందన్న భ్రమ కలుగుతుంది కానీ, అవసరమైనప్పుడు మాట రాదు.

నిత్యపాఠకుడు

మీ అందరి సలహాల ప్రకారం పట్టికను పక్కన పెట్టి, నేటి పని గురించి మూడు వాక్యాలు రాశాను. దయచేసి సరిచూడగలరు.

'ద క్లయింట్ వాంటెడ్ టు పుట్ ద రివ్యూ ఆఫ్, సో వియ్ పుట్ ఇట్ ఆఫ్.' 'మై కొలీగ్ ఈజ్ ఆన్ లీవ్, అండ్ ఐ హ్యావ్ టేకెన్ ఓవర్ హర్ వర్క్.' 'దేర్ వాజ్ ఎ కంప్లెయింట్, అండ్ ఐ విల్ లుక్ ఇట్ ఇంటూ టుమారో.'

భాషాబోధకుడు

మొదటి రెండూ నిర్దోషంగా ఉన్నాయి. రెండో వాక్యంలో 'హర్ వర్క్' స్థానంలో సర్వనామం పెడితే 'ఐ హ్యావ్ టేకెన్ ఇట్ ఓవర్' అవుతుంది, దాన్ని కూడా పక్కన రాసుకోండి. మూడోది 'ఐ విల్ లుక్ ఇంటూ ఇట్ టుమారో' అని ఉండాలి. 'ఇంటూ' ఎప్పుడూ తన కర్మను తన వెనుకనే ఉంచుకుంటుంది, క్రియకూ దానికీ మధ్య సర్వనామానికి చోటు లేదు. ఎట్, ఫర్, ఆఫ్టర్, ఇంటూ, విత్ అన్నవి ఈ వర్గానివి. అప్, అవుట్, ఆఫ్, డౌన్, అవే, బ్యాక్ ఎక్కువగా సర్వనామాన్ని మధ్యకు రానిస్తాయి. ఓవర్, త్రూ అన్నవి రెండు విధాలుగానూ ప్రవర్తిస్తాయి కనుక వాటిని ఒక్కొక్క క్రియతో విడిగా గమనించాలి. రేపటి వాక్యాల్లో ఒకటి 'గో ఓవర్'తో, మరొకటి 'థింక్ ఓవర్'తో రాసి పెట్టండి, సర్వనామంతో సహా. ఆ తేడా అక్కడ మీకే కనిపిస్తుంది.